చెరువు గట్టు మీద సిమ్ రూటర్: రూటింగ్, పోర్ట్ ఫార్వర్డింగ్ మొదటి నుంచి చివరిదాకా

మా బావకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. ఊరికి దూరం, ఫైబర్ లైన్ అక్కడిదాకా రాదు, అందుకని షెడ్డులో ఒక 4జీ సిమ్ రూటర్ పెట్టి దానికి డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె), నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల ప్యానెల్‌లో ఉన్న కంట్రోలర్ రెండూ కలిపాం. రాత్రిపూట కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయంటే కాసేపట్లోనే ఆక్సిజన్ పడిపోయి రొయ్య పైకి తేలిపోద్ది, ఆ టైమ్‌లో కాపలా మనిషి ఫోన్ ఎత్తకపోయినా మా బావ ఇంట్లో మంచం మీద నుంచే ప్యానెల్ చూసుకోగలగాలి, అసలు పని అదీ. నేను వీడియోలు చూసి పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి రూటర్‌కి వచ్చినదాన్ని లోపలి పరికరానికి మళ్లించే రూల్, పెట్టా. పడలేదు. రూల్ తీసేసి మళ్లీ పెట్టా, రూటర్ రీసెట్ కొట్టా, డీవీఆర్ మార్చా, మూడు రోజులు పోయాయి, పొద్దున్నే "ఏరా, వచ్చిందా?" అని మా బావ అడగడం, "లేదు బావా, చూస్తున్నా" అని నేను చెప్పడం. చివరికి తేలిందేంటంటే నా రూల్‌లో తప్పే లేదు, ఆ సిమ్‌కి బయటి నుంచి ఎవరూ రాలేరు. ఆ ముక్క మొదటి రోజే తెలిసుంటే ఆ మూడు రోజులూ మిగిలేవి. అందుకే ఇక్కడ ఏది ముందు చెయ్యాలో అదే ముందు చెప్తున్నా, దయచేసి వరస మార్చకండి.

ముందు సిమ్‌కి ఏ ఐపీ వచ్చిందో చూడండి

రూటర్ పేజీలోకి వెళ్లి స్టేటస్‌లో మొబైల్ ఇంటర్‌ఫేస్ ఐపీ (నెట్‌లో దాని అడ్రస్ నంబర్) ఏముందో రాసుకోండి. తర్వాత అదే రూటర్ వైఫైకి కలిపిన ఫోన్‌లో "వాట్ ఈజ్ మై ఐపీ" అని వెతికితే ఇంకో ఐపీ చూపిస్తుంది, ఐపీవీ6 ది కాకుండా ఐపీవీ4 ది చూడండి. రెండూ ఒకటే అయితే మీకు పబ్లిక్ ఐపీ, అంటే బయటి ప్రపంచానికి కనపడే అడ్రస్, ఉన్నట్టు. వేరు వేరుగా ఉంటే మీ సిమ్ సీజీనాట్ వెనకాల ఉంది, అంటే టెలికాం వాళ్లు ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే ఏర్పాటు వెనకాల. మామూలు ప్రీపెయిడ్ సిమ్ అయితే దాదాపుగా ఇదే కనిపిస్తుంది. రూటర్‌లో కనిపించేది 10తో మొదలైనా, 172.16 నుంచి 172.31 లోపు ఉన్నా, 192.168 అయినా, 100.64 నుంచి 100.127 లోపు ఉన్నా అది బయటి ప్రపంచానికి కనపడే అడ్రస్ కాదు. మాది 100తో మొదలైంది, నేను దాన్ని పబ్లిక్ ఐపీ అనుకున్నా, అక్కడే దెబ్బతిన్నా.

ఇది ఎందుకిలా అంటే ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లే సుమారు 430 కోట్లు, ప్రపంచంలో ఉన్న ఫోన్లకి, రూటర్లకి, సర్వర్లకి అన్నిటికీ అవి చాలవు, కాబట్టి టెలికాం వాళ్లు ఒక పబ్లిక్ ఐపీని చాలామందికి కలిపి వాడతారు. 2012లో ఈ 100.64 రేంజ్‌ని, అంటే దాదాపు 42 లక్షల అడ్రస్‌లని, సరిగ్గా ఈ పని కోసమే పక్కన పెట్టారు. మన డెల్టాలో వాళ్లకైతే ఒక్క మాటలో చెప్పొచ్చు, పైన లాకుల దగ్గర నీళ్లు వదలకపోతే మన బోదె మీద తూము ఎంత ఎత్తినా చెరువులోకి చుక్క రాదు. పోర్ట్ ఫార్వర్డింగ్ మన తూము. లాకు టెలికాం వాళ్ల చేతిలో ఉంది.

సీజీనాట్ అని తేలాక మీకు దారులు ఇవి. ఒకటి, కంపెనీ పేరు మీద బిజినెస్ కనెక్షన్ తీసుకుని స్టాటిక్ ఐపీ సిమ్ అడగడం. అడిగేటప్పుడు "పబ్లిక్ స్టాటిక్ ఐపీ, బయటి నుంచి ఇన్‌కమింగ్ ఓపెన్‌గా ఉండాలి" అని ఇదే మాట అడగండి, ఎందుకంటే మెషిన్ సిమ్‌లకి ఇచ్చే స్టాటిక్ ఐపీ చాలాసార్లు ప్రైవేట్ రేంజ్‌లోదే ఉంటుంది, నంబర్ మారదు కానీ బయటి నుంచి రాలేం. రెండోది, రూటరే బయటికి వెళ్లి ఒక వీపీఎన్ టన్నెల్ (నెట్ మీదుగా మనకే ఉండే రహస్య దారి) కట్టుకోవడం, దీనికి ఏ సిమ్ అయినా పర్లేదు, నేను చివరికి పెట్టింది ఇదే. మూడోది, కేవలం కెమెరా బొమ్మ చూస్తే చాలు అనుకుంటే డీవీఆర్ కంపెనీ యాప్‌లోనే క్యూఆర్ స్కాన్ చేసి పీ2పీ మీద చూసుకోవచ్చు, అందులో డీవీఆరే బయటి సర్వర్‌కి కనెక్ట్ అయ్యి ఉంటుంది కాబట్టి పోర్టులతో పనే లేదు. మీ అవసరం అంతవరకే అయితే కింద ఉన్న సిగ్నల్, లాన్ (షెడ్డు లోపలి నెట్‌వర్క్) సంగతులు మాత్రం చదివి మిగతాది వదిలెయ్యండి, నిజంగా అక్కర్లేదు. ఐపీవీ6 సంగతి కూడా కొందరు అడుగుతారు, అడ్రస్ పబ్లిక్‌దే వస్తుంది కానీ అది మారుతూ ఉంటుంది, చాలా డీవీఆర్‌లు, ప్యానెల్ కంట్రోలర్లు దాన్ని సరిగ్గా వాడలేవు, ఈ పనికి దాన్ని నమ్ముకోవద్దు.

సిగ్నల్, ఏపీఎన్, కరెంటు

నేను వాడింది టెల్టోనికా ఆర్‌యూటీ241, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మీద కట్టిన రూటోఎస్ ఉంటుంది అందులో. 9 నుంచి 30 వోల్టుల డీసీ మీద నడుస్తుంది కాబట్టి షెడ్డులో ఉన్న 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలపొచ్చు, మధ్యలో చిన్న ఫ్యూజ్ వేసుకోండి. కరెంటు పోయినప్పుడే కదా మనకి రూటర్ కావాల్సింది, అప్పుడే అది కూడా ఆగిపోతే పెట్టి ఏం లాభం. డీవీఆర్ కూడా ఎక్కువగా 12 వోల్టులదే, కానీ మీ దాని అడాప్టర్ మీద ఏముందో చదివాకే కలపండి. కంట్రోలర్‌ని కూడా బ్యాటరీ మీదకి మార్చించాలి, అది ప్యానెల్ కట్టిన ఎలక్ట్రీషియన్ పని, మీరు చెయ్యి పెట్టకండి.

రేకుల షెడ్డు లోపల సిగ్నల్ చచ్చిపోతుంది. రూటర్ స్టేటస్‌లో ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవర్ సిగ్నల్ బలం) చూడండి, మైనస్ 80 దగ్గరైతే చాలా బాగున్నట్టు, మైనస్ 100 అయితే నెట్టుకొస్తుంది, మైనస్ 110 దాటితే వీడియో మీద ఆశ పెట్టుకోవద్దు. దాంతోపాటు ఎస్‌ఐఎన్‌ఆర్ (గోల మధ్య సిగ్నల్ ఎంత స్పష్టంగా ఉందో) కూడా చూడాలి, గీతలు నిండుగా ఉండి కూడా నెట్ నత్తలా నడుస్తుంటే ఇది సున్నా దగ్గరో, అంతకన్నా కిందో ఉంటుంది. యాంటెన్నాలు రేకుల పైకి తీసుకెళ్లండి, రెండిటినీ తీసుకెళ్లాలి, ఒకటి పైన ఒకటి లోపల ఉంచితే లాభం లేదు. సన్న యాంటెన్నా కేబుల్ పొడుగు పెరిగేకొద్దీ సిగ్నల్ తినేస్తుంది, అందుకని కేబుల్ పెంచే బదులు రూటర్‌నే వాన తగలని బాక్సులో పెట్టి పైకి ఎక్కించి అక్కడి నుంచి లాన్ వైరు కిందకి దించుకోవడం మంచిది.

ఏపీఎన్, అంటే సిమ్ ఏ దారిన నెట్‌కి వెళ్లాలో చెప్పే పేరు, మామూలు సిమ్‌లకి దానంతట అదే పడుతుంది, లేకపోతే జియోకి జియోనెట్, ఎయిర్‌టెల్‌కి ఎయిర్‌టెల్‌జీపీఆర్‌ఎస్ డాట్ కామ్, బీఎస్ఎన్ఎల్‌కి బీఎస్ఎన్ఎల్‌నెట్. స్టాటిక్ ఐపీ సిమ్ అయితే వాళ్లిచ్చిన వేరే ఏపీఎన్ కచ్చితంగా చేత్తో పెట్టాలి, పెట్టకపోతే మామూలు ఏపీఎన్‌తో నెట్ బాగానే వస్తుంది, ఐపీ మాత్రం మళ్లీ సీజీనాట్‌దే వస్తుంది, అప్పుడు మీరు సిమ్ మోసం అనుకుంటారు.

డేటా లెక్క కూడా ఒకసారి వేసుకోండి. 1 ఎంబీపీఎస్ వీడియో గంటకి 450 ఎంబీ తింటుంది, రోజుకి 2 జీబీ ప్యాక్ అయితే నాలుగున్నర గంటల్లో ఖాళీ. డీవీఆర్‌లో సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) 256 కేబీపీఎస్‌కి తగ్గిస్తే గంటకి 115 ఎంబీ చుట్టూ ఉంటుంది, ఫోన్‌లో చూడటానికి అది చాలు.

లాన్ సర్దుకోవడం

రూటర్ డీఫాల్ట్ అడ్రస్ 192.168.1.1. లాగిన్ అయ్యి మొదట పాస్‌వర్డ్ మార్చండి, తర్వాత లాన్ అడ్రస్ 192.168.47.1 లాంటి ఎవరూ వాడని దానికి మార్చండి. ఇది చాలామంది వదిలేస్తారు, వదిలేస్తే తర్వాత ఏడిపిస్తుంది, ఎందుకంటే మీ ఇంట్లో ఫైబర్ రూటర్ కూడా 192.168.1 లోనే ఉంటుంది, రేపు వీపీఎన్ పెట్టాక మీ ఫోన్ 192.168.1.10 అని అడిగితే అది ఇంట్లో వస్తువా, చెరువు దగ్గర వస్తువా ఫోన్‌కి తెలియదు, ఇంట్లోనే వెతుకుతుంది.

ఆ తర్వాత ఒక్కో పరికరానికి మారని ఐపీ ఇవ్వండి. డీవీఆర్‌కి 192.168.47.10, కంట్రోలర్‌కి 192.168.47.20 అనుకుందాం. రూటర్‌లోనే డీహెచ్‌సీపీ (పరికరాలకి ఐపీలు పంచేది) స్టాటిక్ లీజ్‌లో మ్యాక్ అడ్రస్‌తో (పరికరం సొంత నంబర్) కట్టేస్తే అన్నిటికన్నా మేలు, ఎందుకంటే గేట్‌వే, అంటే బయటికి వెళ్లే ద్వారం అడ్రస్, కూడా రూటరే ఇస్తుంది. పరికరంలోనే చేత్తో ఐపీ పెట్టాల్సి వస్తే గేట్‌వే అన్న గడిలో 192.168.47.1 ఉందో లేదో రెండుసార్లు చూడండి. డీవీఆర్ వేరే చోట వాడి తెచ్చిందైతే పాత గేట్‌వే అందులో అలాగే ఉంటుంది. అప్పుడేమవుతుందంటే షెడ్డులో లాప్‌టాప్ నుంచి అన్నీ ఓపెన్ అవుతాయి, బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ (డేటా ముక్క) కూడా డీవీఆర్‌దాకా వెళ్తుంది, కానీ జవాబు ఎటు పంపాలో డీవీఆర్‌కి తెలియదు. రూటింగ్ అంటే వెళ్లే దారి ఒక్కటే కాదు, తిరిగొచ్చే దారి కూడా. నేను తర్వాత చూసిన కేసుల్లో సీజీనాట్ తర్వాత ఎక్కువసార్లు దొరికిన తప్పు ఇదే.

షెడ్డులో వైఫై కోసం ఇంకో పాత రూటర్ తగిలిస్తుంటే దాని వాన్ పోర్టులో (బయటి నెట్ కలిపేది) వైరు పెట్టకండి, లాన్ పోర్టులో పెట్టి దాని డీహెచ్‌సీపీ ఆపెయ్యండి, దాని సొంత అడ్రస్ కూడా 47 లోకి మార్చండి. లేకపోతే నాట్ (లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చేది) వెనక నాట్ పడి, ఫార్వర్డింగ్ రెండు చోట్ల చెయ్యాల్సి వస్తుంది.

పబ్లిక్ ఐపీ ఉన్నవాళ్లకి పోర్ట్ ఫార్వర్డింగ్

రూటోఎస్‌లో నెట్‌వర్క్, అందులో ఫైర్‌వాల్, అందులో పోర్ట్ ఫార్వర్డ్స్. వేరే కంపెనీ రూటర్లలో ఇదే వర్చువల్ సర్వర్ అనో, నాట్ ఫార్వర్డింగ్ అనో ఉంటుంది. కొత్త రూల్‌లో ఇవి నింపాలి: పేరు మీ ఇష్టం, ప్రోటోకాల్ టీసీపీ, సోర్స్ జోన్ వాన్, ఎక్స్‌టర్నల్ పోర్ట్ 45100 అనుకోండి, ఇంటర్నల్ ఐపీ 192.168.47.10, ఇంటర్నల్ పోర్ట్ పరికరానిది. హిక్‌విజన్ డీవీఆర్ అయితే యాప్‌కి 8000, వెబ్ పేజీకి 80, ఆర్‌టీఎస్‌పీ వీడియోకి 554. దాహువాలో యాప్ పోర్ట్ 37777. మిగతావాటికి డీవీఆర్ నెట్‌వర్క్ మెనూలో ఏముందో అదే చూసి రాయండి, ఎవరో చెప్పింది రాయొద్దు.

బయటి పోర్ట్ 80 పెట్టొద్దు, అది రూటర్ సొంత పేజీతో తగువు పడొచ్చు, పైగా రోజంతా ఎవరో ఒకరు తడుతూనే ఉంటారు. పెద్ద నంబర్ పెడితే తట్టేవాళ్లు తగ్గుతారు అంతే, ఆగరు. అసలు రక్షణ సోర్స్ ఐపీ గడిలో ఉంది, మీ ఇంటికి గాని ఆఫీసుకి గాని మారని ఐపీ ఉంటే అది అక్కడ రాసెయ్యండి, అప్పుడు ఆ ఒక్క చోట నుంచే తలుపు తెరుచుకుంటుంది.

పబ్లిక్ ఐపీ ఉన్నా అది స్టాటిక్ కాకపోతే రూటర్ రీస్టార్ట్ అయినప్పుడల్లా మారుతుంది, దానికి డైనమిక్ డీఎన్ఎస్ (మారే ఐపీకి మారని పేరు కట్టేది) కావాలి. సర్వీసెస్‌లో ఉంటుంది, డక్‌డీఎన్ఎస్ ఉచితం, నో-ఐపీలో ఉచిత పేరుకి 30 రోజులకోసారి అవునని నొక్కుతూ ఉండాలి. ఒక జాగ్రత్త, సీజీనాట్ సిమ్ మీద డైనమిక్ డీఎన్ఎస్ పెడితే అది చక్కగా సక్సెస్ అని చూపిస్తుంది, పేరుకి ఐపీ కూడా పడుతుంది, కానీ ఆ ఐపీ టెలికాం వాళ్లది, మీది కాదు. ఆ సక్సెస్ చూసి మురిసిపోవద్దు.

టెస్ట్ చేసేటప్పుడు అదే రూటర్ వైఫైలో ఉండి చెయ్యకండి. లోపలి నుంచి బయటి ఐపీని కొడితే కొన్ని రూటర్లలో తిరిగి లోపలికి రాదు, రూల్ బాగున్నా పడలేదనిపిస్తుంది. ఇంకో ఫోన్‌లో మొబైల్ డేటా ఆన్ చేసి, వైఫై ఆపి చూడండి. అప్పటికీ పడకపోతే ట్రబుల్‌షూట్‌లో టీసీపీ డంప్ (వచ్చిపోయే ప్యాకెట్లని రాసిపెట్టేది) ఆన్ చేసి మళ్లీ కొట్టండి. ప్యాకెట్ అసలు రూటర్‌దాకా రాకపోతే గొడవ పైన, టెలికాం దగ్గర. వచ్చి, డీవీఆర్ వైపు వెళ్లి, జవాబు రాకపోతే గొడవ డీవీఆర్ గేట్‌వే దగ్గర. ఇలా చూసుకుంటే గుడ్డిగా రీసెట్లు కొట్టే పని ఉండదు.

ఇక గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ (హ్యాకర్ల చేతిలో పడ్డ పరికరాల దండు) ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలు, డీవీఆర్‌ల మీదే పెరిగి పెద్ద పెద్ద సైట్లని పడగొట్టింది. 2021లో హిక్‌విజన్ పరికరాల్లో పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్లి కమాండ్లు నడిపే లోపం బయటపడింది, అప్‌డేట్ చెయ్యనివి తర్వాత కూడా అలాగే ఉండిపోయాయి. మోటార్ల ప్యానెళ్లలో యంత్రాలతో మాట్లాడటానికి వాడే మోడ్‌బస్ టీసీపీకి, అంటే పోర్ట్ 502కి, అసలు పాస్‌వర్డ్ అనేదే లేదు. దాన్ని బయటికి తెరిస్తే ఏ దేశంలోనో కూర్చున్నవాడు మీ ఏరేటర్లు ఆపెయ్యగలడు. కెమెరా పోతే కెమెరా పోయింది, ఇది మాత్రం పంట. 502ని ఎప్పుడూ ఫార్వర్డ్ చెయ్యకండి, స్టాటిక్ ఐపీ ఉన్నా సరే కంట్రోలర్ వరకు కింద చెప్పే వీపీఎన్‌లోనే పెట్టండి.

సీజీనాట్ సిమ్ మీద వైర్‌గార్డ్

వైర్‌గార్డ్ అంటే ఒక వీపీఎన్ ప్రోగ్రామ్. దీనికి బయట ఒక చిన్న వీపీఎస్ (అద్దెకి తీసుకునే సర్వర్) కావాలి, అందరికన్నా చిన్న ప్లాన్ చాలు, ముంబైలోనో బెంగళూరులోనో తీసుకుంటే ఆలస్యం తక్కువ. దానికి పబ్లిక్ ఐపీ ఉంటుంది, రూటర్ వెళ్లి దాన్ని పట్టుకుంటుంది, మీ ఫోన్ కూడా వెళ్లి దాన్నే పట్టుకుంటుంది, ఇద్దరూ అక్కడ కలుస్తారు. ఇద్దరూ బయటికే వెళ్తున్నారు కాబట్టి సీజీనాట్ అడ్డం రాదు.

టన్నెల్ లోపలి అడ్రస్‌లు ముందే కాగితం మీద రాసుకోండి. వీపీఎస్ 10.66.0.1, రూటర్ 10.66.0.2, ఫోన్ 10.66.0.3. వీపీఎస్‌లో వైర్‌గార్డ్ వేసి యూడీపీ 51820 తెరవండి, వీపీఎస్ అమ్మినవాళ్ల ప్యానెల్‌లో కూడా విడిగా ఫైర్‌వాల్ ఉంటే అందులోనూ తెరవాలి. ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చెయ్యాలి, ఇది చెయ్యకపోతే ఫోన్ నుంచి వీపీఎస్‌కి పింగ్ (అవతల ఉన్నారా అని తట్టి చూడటం) పోతుంది, రూటర్ నుంచి వీపీఎస్‌కి పింగ్ పోతుంది, ఫోన్ నుంచి రూటర్‌కి మాత్రం పోదు. వీపీఎస్ లోపలి ఫైర్‌వాల్ ఫార్వర్డింగ్‌ని ఆపుతున్నా ఇలాగే ఉంటుంది, అదీ చూడండి.

తర్వాత కీలు. ఒక్కొక్కరికి ఒక ప్రైవేట్ కీ, ఒక పబ్లిక్ కీ. ప్రైవేట్ కీ ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి, పబ్లిక్ కీ అవతలివాళ్లకి ఇవ్వాలి. రూటోఎస్‌లో సర్వీసెస్, వీపీఎన్, వైర్‌గార్డ్‌లో కొత్త ఇన్‌స్టెన్స్ పెట్టి పీర్‌గా (టన్నెల్ అవతలి కొస) వీపీఎస్‌ని ఇవ్వండి.

అందరూ తికమకపడేది అలవ్డ్ ఐపీస్ గడి దగ్గర. దాని అర్థం "ఈ పీర్ వెనకాల ఏ అడ్రస్‌లు ఉన్నాయి" అని. వీపీఎస్‌లో రూటర్ పీర్‌కి 10.66.0.2/32, 192.168.47.0/24 రెండూ రాయాలి, ఎందుకంటే చెరువు లాన్ ఆ రూటర్ వెనకాల ఉంది. /32 అంటే ఆ ఒక్క అడ్రస్, /24 అంటే చివరి నంబర్ ఏదైనా ఆ గుంపు మొత్తం. ఫోన్ పీర్‌కి 10.66.0.3/32 ఒక్కటే. రూటర్‌లో వీపీఎస్ పీర్‌కి 10.66.0.0/24, రూట్ అలవ్డ్ ఐపీస్ అన్నది ఆన్. ఫోన్‌లో వీపీఎస్ పీర్‌కి 10.66.0.0/24, 192.168.47.0/24. ఫోన్‌లో 0.0.0.0/0 పెట్టారంటే మీ ఫోన్ నెట్ మొత్తం వీపీఎస్ మీదుగా పోతుంది, మనకి అది వద్దు.

రూటర్ వైపు పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 సెకన్లు పెట్టడం మర్చిపోవద్దు. మాట్లాడకుండా ఊరుకుంటే టెలికాం నాట్ మన యూడీపీ దారిని కాసేపటికి మూసేస్తుంది, అప్పుడు బయటి నుంచి రూటర్‌ని లేపడం కుదరదు. పగలు పని చేసి రాత్రి పడట్లేదు అని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఇదే.

ఫైర్‌వాల్‌లో వైర్‌గార్డ్ జోన్ నుంచి లాన్ జోన్‌కి ఫార్వర్డ్ అనుమతి ఇవ్వండి. పింగ్ పోయి, లాగిన్ పేజీ వచ్చి, వీడియో మాత్రం తిరుగుతూ ఉండిపోతే అది ఎంటీయూ (ఒక ప్యాకెట్ ఎంత పెద్దగా ఉండొచ్చో) గొడవ. వైర్‌గార్డ్ మామూలుగా 1420 వాడుతుంది, మొబైల్ నెట్‌వర్క్‌లో కొన్నిసార్లు అది ఎక్కువైపోతుంది, 1280కి తగ్గించి చూడండి.

ఇదంతా కష్టం అనిపిస్తే టెయిల్‌స్కేల్ గాని జీరోటైర్ గాని వాడొచ్చు, మీ రూటర్‌కి ఆ ప్యాకేజీ దొరికితే అందులోనే వేసి చెరువు సబ్‌నెట్‌ని (మన 192.168.47.0/24) ప్రకటిస్తే చాలు, వీపీఎస్ అక్కర్లేదు. టెయిల్‌స్కేల్ కూడా 100.64 రేంజ్‌లోనే అడ్రస్‌లు ఇస్తుంది, దాన్నీ సిమ్ ఐపీనీ కలిపేసి కంగారు పడకండి.

రెండో చెరువు, రెండో లైన్

దూరంగా ఇంకో షెడ్డుకి వైర్‌లెస్ బ్రిడ్జ్ వేస్తే, నా మాటగా దాన్ని కూడా అదే 47 నెట్‌వర్క్‌లో ఉంచండి, రూటింగ్ అవసరమే రాదు. అక్కడ తప్పనిసరిగా వేరే రూటర్, వేరే నెట్‌వర్క్ ఉండాల్సి వస్తే, ఉదాహరణకి 192.168.48.0, మెయిన్ రూటర్‌లో స్టాటిక్ రూట్ వెయ్యాలి: టార్గెట్ 192.168.48.0, నెట్‌మాస్క్ 255.255.255.0, గేట్‌వే ఆ రెండో రూటర్‌కి మన లాన్‌లో ఉన్న అడ్రస్, అంటే 192.168.47.2 లాంటిది. రెండో రూటర్‌లో డీఫాల్ట్ గేట్‌వే 192.168.47.1, మాస్కరేడింగ్ (అడ్రస్ మార్చి పంపడం) ఆఫ్, మన వైపు నుంచి వచ్చేవి లోపలికి రానివ్వాలి. వైర్‌గార్డ్‌లో వీపీఎస్ దగ్గర, ఫోన్ దగ్గర కూడా 192.168.48.0/24 కలపాలి.

ఎప్పటికైనా కేబుల్ నెట్ కూడా వచ్చి రెండు లైన్లు అయితే మెట్రిక్ (ఏ లైన్ ముందో చెప్పే నంబర్) చిన్నగా ఉన్నదాని నుంచి ముందు పోతుంది, అది పడిపోతే సిమ్ అందుకుంటుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ మీద ఉన్నవాళ్లకి ఇక్కడ చిక్కు, సిమ్ ఐపీకి వచ్చిన ప్యాకెట్‌కి జవాబు కేబుల్ నుంచి పోతే అవతల ఫోన్ దాన్ని ఒప్పుకోదు. టన్నెల్ వాడేవాళ్లకి ఈ బాధ లేదు, ఏ లైన్ ఉంటే దాని మీద మళ్లీ కట్టుకుంటుంది.

వదిలి వచ్చే ముందు

పింగ్ రీబూట్ పెట్టండి, ఐదు నిమిషాలకోసారి 8.8.8.8ని పింగ్ చేసి వరసగా కొన్నిసార్లు రాకపోతే రూటర్ తనే రీస్టార్ట్ అయ్యేలా, లేకపోతే అర్ధరాత్రి మీరే బండి తీసుకుని గట్టు మీదకి వెళ్లాలి. సెట్టింగులన్నీ బ్యాకప్ ఫైల్‌గా దించుకుని ఫోన్‌లో దాచుకోండి.

ఆఖరి టెస్ట్ పగలే, మనిషి పక్కన ఉండగా చెయ్యండి. మీరు ఇంటికి వచ్చేసి వైఫై ఆపి మొబైల్ డేటా మీద టన్నెల్ కట్టి ప్యానెల్ పేజీ తెరిచి పెట్టుకోండి, షెడ్డులో ఉన్న కాపలా మనిషికి ఫోన్ చేసి మెయిన్ ఒక్క నిమిషం దించమనండి. పేజీ బతికే ఉండి ఏరేటర్లు ఆగినట్టు అందులో కనిపించిందంటే పని అయినట్టు. మా దాంట్లో మొదటిసారి పేజీ కూడా పోయింది, చూస్తే రూటర్ బ్యాటరీ మీదే ఉంది కానీ మధ్యలో లాన్ వైర్లు కలిపే చిన్న స్విచ్ బాక్సుని గోడ ప్లగ్గుకి పెట్టేశాం. దాన్నీ బ్యాటరీకి మార్చి మళ్లీ మెయిన్ దించమంటే ఈసారి ఆరు ఏరేటర్లూ ఎరుపులోకి మారడం మా బావ ఫోన్‌లోనే చూశాడు.